బొగ్గు రైలు కింద రబ్బరు స్ప్రింగ్: ఎలా ఎంచుకుంటారు? మనమెందుకు పట్టించుకోవాలి?

సత్తుపల్లి గనుల దగ్గర బొగ్గు నింపుకొని కొత్తగూడెం వైపు కదిలే గూడ్స్ రైలులో నాలుగు వేల టన్నులకు పైగా సరుకు ఉండొచ్చు. ఆ బరువంతా పట్టాల మీదికి దిగేది చక్రాల ద్వారానే. చక్రానికీ, పైనున్న ఉక్కు చట్రానికీ మధ్య ఒక చిన్న వస్తువు ఉంటుంది. చేత్తో ఎత్తగలిగేంత పరిమాణం. పైన ఇనుప రేకు, కింద ఇనుప రేకు, మధ్యలో రబ్బరు. రైల్వే సిబ్బంది దీన్ని ఈఎం ప్యాడ్ అంటారు. ఎలాస్టోమెరిక్ ప్యాడ్ అన్నది పూర్తి పేరు.

రైలు బండ్లలో వాడే రబ్బరు-లోహ స్ప్రింగుల కుటుంబంలో ఇదొకటి. ఇంజిన్లు, ప్రయాణికుల పెట్టెలు, మెట్రో రైళ్లలో దీని అన్నదమ్ములు చాలా రకాల్లో కనిపిస్తాయి. ధరలో చిన్నదే. కానీ చక్రం ఎంత అరుగుతుంది, పట్టా ఎంత దెబ్బతింటుంది, మలుపులో బండి ఎలా తిరుగుతుంది అన్నవి చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇలాంటి స్ప్రింగును ఎలా ఎంచుకోవాలి? చూడటానికి ఇంజినీర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలా ఉంటుంది. కానీ ఇందులో మన భద్రత ఉంది, మన డబ్బూ ఉంది. అసలు చిక్కంతా ఒక్క విషయంలోనే ఉంది. రబ్బరు స్ప్రింగును కొనేటప్పుడు పరీక్షించేది కొత్త ముక్కను. రైలు కింద పనిచేయాల్సింది మాత్రం ఏళ్ల తరబడి నలిగి, ఎండి, పాతబడ్డ ముక్క.

సత్తుపల్లి లైన్‌తో ఏం సంబంధం?

ఖమ్మం జిల్లాలో పెనుబల్లి మండలం సత్తుపల్లికి ఆనుకుని ఉంటుంది. ఇటు ఖమ్మం మైదానం, అటు భద్రాచలం అడవులు. సింగరేణి సంస్థకు సత్తుపల్లిలో జలగం వెంగళరావు ఓపెన్‌కాస్ట్ గని ఉంది. రైలు మార్గం లేని రోజుల్లో ఇక్కడి బొగ్గు లారీల్లో కొత్తగూడెం వైపు వెళ్లేది. దుమ్ము, గుంతలు, ప్రమాదాల భయం ఈ ప్రాంత రోడ్ల మీద తిరిగేవాళ్లకు తెలిసినవే.

ఆ తర్వాత రైల్వే, సింగరేణి కలిసి భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లికి సుమారు 54 కిలోమీటర్ల కొత్త లైన్ వేశాయి. భద్రాచలం రోడ్ అంటే కొత్తగూడెంలో ఉన్న స్టేషనే. దాదాపు రూ.1,000 కోట్లు ఖర్చయిన ఈ లైన్‌ను 2022 నవంబర్ 12న రామగుండం సభలో ప్రధాని నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు.

దీనివల్ల రోడ్డు మీద ఎంత భారం తగ్గుతుందో చిన్న లెక్క చూద్దాం. బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ రకం వ్యాగన్ ఒక్కోటి 71 టన్నుల సరుకు మోస్తుంది. 58 వ్యాగన్ల రేకులో 4,118 టన్నులు పడతాయి. లారీకి 25 నుంచి 30 టన్నుల చొప్పున వేసుకుంటే దాదాపు 140 నుంచి 165 లారీల సరుకు ఒక్క రైలులో వెళ్లిపోతుంది.

అయితే రోడ్డు మీద తగ్గిన బరువు మాయమైపోలేదు. పట్టాల మీదికి మారింది. పైగా కొత్తగూడెం దాటాక ఈ రైళ్లు వెళ్లే దారిలో ప్రయాణికుల రైళ్లూ నడుస్తాయి. సికింద్రాబాద్ నుంచి వచ్చే మణుగూరు ఎక్స్‌ప్రెస్ డోర్నకల్, కొత్తగూడెం మీదుగానే వెళ్తుంది. కాబట్టి బొగ్గు వ్యాగన్ కింద స్ప్రింగ్ పాడైతే ఆ నష్టం బొగ్గుతోనే ఆగదు. అదే పట్టా మీద వెనకాల వచ్చే రైలుకూ తగులుతుంది. సత్తుపల్లి వరకు ప్రయాణికుల రైలు కావాలన్న కోరిక ఈ ప్రాంతంలో ఉంది కనుక, ఆ పట్టా ఆరోగ్యం ఇక్కడి వాళ్లకు మరింత దగ్గరి విషయం.

బోగీ అంటే పెట్టె కాదు

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. మనం మామూలుగా "ఎస్-5 బోగీ ఎక్కాం" అంటాం. రైల్వే భాషలో అది కోచ్. బోగీ అంటే దాని కింద ఉండే చక్రాల చట్రం. ఒక్కో వ్యాగన్‌కు రెండు బోగీలు, ఒక్కో బోగీకి రెండు ఇరుసులు, ఒక్కో ఇరుసుకు రెండు చక్రాలు ఉంటాయి. అంటే మొత్తం ఎనిమిది చక్రాలు.

మన గూడ్స్ వ్యాగన్లలో ఎక్కువగా కనిపించేది కాస్నబ్ బోగీ. దీని పక్కల గూళ్లలో పెద్ద ఉక్కు చుట్టల స్ప్రింగులు కనిపిస్తాయి. స్టేషన్లో గూడ్స్ ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నుంచి కూడా వీటిని చూడొచ్చు. బరువు వల్ల వచ్చే కిందామీదా ఊపును ప్రధానంగా భరించేవి అవే. వాటి పక్కనే రాపిడితో ఆ ఊపును అణచే ముక్కలు ఉంటాయి.

ఈఎం ప్యాడ్ స్థానం వేరు. ఇరుసు చివర బేరింగ్, దాని మీద అడాప్టర్ అనే ఉక్కు ముక్క, ఆ అడాప్టర్‌కూ చట్రానికీ మధ్య ఈ ప్యాడ్. చక్రానికి ఒకటి చొప్పున వ్యాగన్‌కు ఎనిమిది. 58 వ్యాగన్ల రేకులో 464. అడుగున దాగి ఉంటాయి కాబట్టి ప్లాట్‌ఫారం మీద నుంచి ఎవరికీ కనిపించవు.

ఉక్కు స్ప్రింగ్ ఉండగా రబ్బరు ఎందుకు?

ఉక్కు చుట్ట స్ప్రింగ్ నమ్మకమైనది. పదేళ్ల తర్వాత కూడా దాని బిరుసు దాదాపు మొదట్లో ఉన్నట్టే ఉంటుంది. ఎండకు మెత్తబడదు, చలికి గట్టిపడదు. విరిగితే కంటికి కనిపిస్తుంది.

కానీ దానికి రెండు లోపాలున్నాయి. ఒకటి, అది ఊపును తనంతట తాను అణచదు. నొక్కి వదిలితే ఎగురుతూనే ఉంటుంది. రెండు, పట్టా మీద పుట్టే సన్నటి అదురును, చప్పుడును పైకి పంపేస్తుంది.

రబ్బరు ఈ రెండు పనులూ కొంతవరకు చేస్తుంది. లోపలే కొంత శక్తిని వేడిగా మార్చి ఊపు తగ్గిస్తుంది. అదురును పైకి వెళ్లనివ్వదు. ఒకదానికొకటి రాసుకునే భాగాలు లేవు కాబట్టి అరుగుదల తక్కువ, నూనె వేయాల్సిన పని లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే ముక్క మూడు దిశల్లోనూ స్ప్రింగులా పనిచేస్తుంది. కిందికి ఒకలా, పక్కకు ఒకలా, ముందుకూ వెనక్కూ ఇంకోలా.

అందుకే రబ్బరు చాలా చోట్ల చేరింది. డబ్ల్యూడీజీ-4 డీజిల్ ఇంజిన్‌లో పైభాగం బరువు బోగీ మీదికి రబ్బరు స్ప్రింగుల ద్వారానే దిగుతుంది. ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో ప్రధాన స్ప్రింగులు ఉక్కువే అయినా, చక్రాలను చట్రానికి కలిపే చేతుల కీళ్లలో రబ్బరు-లోహ బుష్‌లు ఉంటాయి. ప్రపంచంలో చాలా మెట్రోల్లో ఇరుసు దగ్గర శంఖం ఆకారపు రబ్బరు స్ప్రింగులు, పైన గాలి స్ప్రింగులు వాడతారు. ఊరి మధ్య నుంచి, ఇళ్ల పక్క నుంచి వెళ్లే రైలుకు చప్పుడు తగ్గడం చాలా అవసరం మరి.

రబ్బరు మధ్యలో ఇనుము ఎందుకు పెడతారు?

పిల్లలు వాడే చెరిపే రబ్బరును రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి. పక్కలు ఉబ్బుతాయి. రబ్బరు ఆకారం మార్చుకోవడానికి ఇష్టపడుతుంది కానీ, దాని మొత్తం పరిమాణాన్ని తగ్గించడం చాలా కష్టం. పక్కకు ఉబ్బే దారి మూసేస్తే కిందికి దాదాపు కుంగదు.

ఇంజినీర్లు వాడుకునేది సరిగ్గా ఈ గుణాన్నే. మందపాటి రబ్బరు దిమ్మెను పలుచని పొరలుగా చేసి, పొరల మధ్య ఉక్కు రేకులు పెట్టి, వేడిలో ఒకటిగా అతికిస్తారు. ఉక్కుకు అతుక్కున్న రబ్బరు పక్కకు ఉబ్బలేదు. దాంతో పైనుంచి వచ్చే బరువుకు చాలా గట్టిగా నిలబడుతుంది. అదే ముక్కను పక్కకు నెట్టితే మాత్రం పొరలు ఒకదాని మీద ఒకటి మెత్తగా జరుగుతాయి.

కిందికి గట్టి, పక్కకు మెత్తన. ఈ రెండు గుణాలను వేర్వేరుగా అమర్చుకోగలగడమే రబ్బరు-లోహ స్ప్రింగ్ ప్రత్యేకత. పొరల సంఖ్య, మందం, వాలు మార్చితే గుణం మారుతుంది. అందుకే బల్లపరుపు ప్యాడ్లు, వీ ఆకారపు స్ప్రింగులు, శంఖాకారపు స్ప్రింగులు అని ఇన్ని రకాలు వచ్చాయి.

ఎంపికలో చూడాల్సిన ఆరు విషయాలు

1. ఖాళీ బరువు, నిండు బరువు

ఎనభై మంది ఎక్కే పెట్టె ఖాళీగా 40 టన్నులు ఉంటుందనుకుందాం. అందరూ సామానుతో ఎక్కినా పెరిగేది ఆరేడు టన్నులే. బొగ్గు వ్యాగన్ అలా కాదు. బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ ఖాళీ బరువు 20.6 టన్నులు. నిండితే 91.6 టన్నులు. చక్రాలు, ఇరుసుల బరువు తీసేస్తే ఒక్కో ప్యాడ్ మీద ఖాళీగా రెండు టన్నులు, నిండుగా పది టన్నుల పైమాటే. అయిదు రెట్ల తేడా.

నిండు బండికి సరిపోయే బిరుసు ఖాళీ బండికి ఎక్కువైపోతుంది. ఖాళీ వ్యాగన్ పట్టా మీద ఎగిరెగిరి పడుతుంది. ఖాళీ బండికి సరిపోయే మెత్తదనం పెడితే నిండు బరువుకు నలిగిపోతుంది. బొగ్గు రైలు ఒకవైపు నిండుగా వెళ్లి రెండోవైపు ఖాళీగా తిరిగొస్తుంది కనుక, రెండు పరిస్థితులకూ పనికొచ్చే ముక్కనే ఎంచుకోవాలి.

2. మలుపులో తిరగడం, నేరుగా పరిగెత్తడం

రైలు చక్రం అంచు కొద్దిగా వాలుగా ఉంటుంది. ఈ వాలు వల్లే చక్రాల జత మలుపులో తనంతట తాను దారి చూసుకుంటుంది. అందుకు ఇరుసు కాస్త అటూ ఇటూ తిరగాలి. ప్యాడ్ పక్కకు మరీ బిరుసుగా ఉంటే ఇరుసు తిరగలేదు. చక్రం అంచు పట్టాను రాసుకుంటూ పోతుంది. కీచుమన్న చప్పుడు, అరుగుదల వస్తాయి.

అలాగని మరీ మెత్తగా ఉంటే వేగం పెరిగినప్పుడు చక్రాల జత పాములా అటూ ఇటూ ఊగుతుంది. రైల్వేలో దీన్ని హంటింగ్ అంటారు. మలుపు ఒకటి కోరుతుంది, వేగం ఇంకోటి కోరుతుంది. ఎంచుకునే బిరుసు ఈ రెంటి మధ్య రాజీ.

3. ఎత్తు

మన బ్రాడ్‌గేజ్‌లో బండ్లను కలిపే కప్లింగ్ మధ్యభాగం ఎత్తు, ఖాళీ బండికి పట్టా నుంచి 1,105 మిల్లీమీటర్లు మించకూడదు. నిండు బండికి 1,030 తగ్గకూడదు. ఉన్న వెసులుబాటు 75 మిల్లీమీటర్లు. 71 టన్నుల బొగ్గు పడినప్పుడు స్ప్రింగులు కుంగేది, ఏళ్లు గడిచాక రబ్బరు శాశ్వతంగా అణిగేది, చక్రం అరిగేది అన్నీ కలిపి ఈ బెత్తెడు కూడా లేని జాగాలో సర్దుకోవాలి. చక్రం అరుగుదలకు సర్దుబాటు ముక్కలు వేసుకునే వీలున్నా హద్దు హద్దే. కారులోలా మెత్తటి స్ప్రింగులు గూడ్స్ బండికి పెట్టకపోవడానికి ఇదో ముఖ్య కారణం.

4. ఎండ, నూనె, గాలి

సహజ రబ్బరుకు అలసట తట్టుకునే శక్తి ఎక్కువ, అణగడం తక్కువ. స్ప్రింగులకు అది మంచి పదార్థం. కానీ నూనె తగిలితే ఉబ్బుతుంది. గాలిలోని ఓజోన్‌కు పగుళ్లు వస్తాయి. దీర్ఘకాలం వేడిలో ఉంటే గట్టిపడుతుంది. నూనె, ఓజోన్ తట్టుకునే కృత్రిమ రబ్బర్లు ఉన్నాయి కానీ, వాటికి వేరే లోపాలు ఉంటాయి.

కొత్తగూడెం, ఖమ్మం ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీల ఎండ కొత్తేం కాదు. దానికి కంకర నుంచి కొట్టే వేడి తోడవుతుంది. గూడ్స్‌లో బ్రేకు దిమ్మెలు నేరుగా చక్రం మీదే నొక్కుతాయి కాబట్టి, బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడి కూడా ఇరుసు దాకా పాకుతుంది. పదార్థాలు వేడికి ముదిరే తీరు మీద ఇంజినీర్లు వాడే ఒక స్థూల లెక్క ఉంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ముదిరే వేగం దాదాపు రెట్టింపవుతుంది. చలి దేశంలో బాగా పనిచేసిన రబ్బరు మిశ్రమం ఇక్కడ అంతే కాలం బతుకుతుందని అనుకోకూడదు. తిరగేసి చూస్తే, మన ఎండకు తయారైన ముక్క హిమాలయాల చలిలో బిగుసుకుపోవచ్చు.

5. అతుకు, అలసట

రబ్బరు ఎంత మంచిదైనా ఇనుప రేకు నుంచి ఊడిపోతే పనికిరాదు. ఈ అతుకు తయారీలో రేకును శుభ్రం చేయడం, జిగురు పూత, ఉడికించే వేడి, సమయం అన్నీ కుదరాలి. బయటికి చక్కగా కనిపించే ముక్కలో లోపల అతుకు బలహీనంగా ఉండొచ్చు.

గట్టిదనం కొలిచే పరీక్ష ఒక్కటే చాలదన్నది కూడా ఇక్కడే. రబ్బరులో నింపుడు పొడులు ఎక్కువ కలిపి, అసలు రబ్బరు తగ్గించినా గట్టిదనం కొలతలో పాసయ్యే ముక్కను తయారుచేయొచ్చు. కానీ లక్షలసార్లు నలిగాక అది తట్టుకోలేదు. అందుకే పదార్థంలో ఏముందో కూడా చూడాలి. పదేపదే నలిపే పరీక్ష పెట్టాలి. నిదానంగా నొక్కి కొలిచిన బిరుసుకూ, రైలు వేగంలో అదురుతున్నప్పుడు ఉండే బిరుసుకూ తేడా ఉంటుంది కనుక రెండూ కొలవాలి.

6. పాడైనప్పుడు ఎలా తెలుస్తుంది?

ఉక్కు స్ప్రింగ్ ఒక్కసారిగా విరుగుతుంది. రబ్బరు మెల్లగా చస్తుంది. మొదట అంచుల్లో సన్నటి పగుళ్లు, తర్వాత అణగడం, తర్వాత అతుకు ఊడటం. ఏ రోజు నుంచి పనికిరాకుండా పోయిందో చెప్పడం కష్టం. కాబట్టి ఎంత పగులు దాకా ఉంచొచ్చు, ఎంత అణిగితే తీసేయాలి, ఎన్నేళ్లకు ఎలా ఉన్నా మార్చేయాలి అన్న హద్దులు కొనే రోజే రాసి ఉండాలి.

పట్టాలు తప్పడానికీ దీనికీ లంకె ఉందా?

ప్యాడ్ పగిలినంత మాత్రాన రైలు పట్టాలు తప్పదు. ప్రమాదం సాధారణంగా చాలా చిన్న లోపాలు కలిసిన చోట జరుగుతుంది. కానీ ఆ లోపాల్లో ఇదొకటి కావచ్చు.

చక్రం పట్టా మీదికి ఎక్కుతుందా లేదా అన్నది రెండు బలాల నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఒకటి చక్రాన్ని పక్కకు నెట్టే బలం. రెండోది కిందికి నొక్కి ఉంచే బరువు. మొదటిది పెరిగినా, రెండోది తగ్గినా ముప్పే. ప్యాడ్ గట్టిపడితే మలుపులో పక్క బలం పెరుగుతుంది. ఒక చక్రం దగ్గర ప్యాడ్ అణిగి, పక్క చక్రం దగ్గర కొత్తది ఉంటే బరువు సమానంగా పంచుకోదు, ఒక చక్రం తేలికవుతుంది. పట్టా కూడా కాస్త మెలిపడి ఉన్న చోట, ఖాళీ వ్యాగన్ వేగంగా వస్తే రెండు ముప్పులూ ఒకేసారి కలుస్తాయి. అందుకే ఒక బోగీలో ప్యాడ్లు మార్చేటప్పుడు పాతవీ కొత్తవీ కలపకుండా చూడటం మంచి పద్ధతి.

కాగ్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2017-18 నుంచి 2020-21 వరకు జరిగిన 217 పెద్ద రైలు ప్రమాదాల్లో 163 పట్టాలు తప్పడం వల్ల జరిగినవే. ప్రతి నాలుగింటిలో మూడు. పట్టాల నిర్వహణ లోపాలతోపాటు చక్రాలు, పెట్టెలు, వ్యాగన్ల లోపాలు కూడా కారణాల్లో ఉన్నాయని ఆ నివేదిక చెప్పింది.

రబ్బరును సరిగా పరీక్షించకుండా కొత్త పనికి వాడితే ఏమవుతుందో జర్మనీ చూసింది. అక్కడ ఐసీఈ వేగపు రైళ్లలో అదురు తగ్గించడానికి చక్రం మధ్యభాగానికీ, బయటి ఉక్కు వలయానికీ మధ్య రబ్బరు పొర పెట్టారు. ట్రాముల్లో బాగా పనిచేసిన ఆలోచన అది. 1998 జూన్ 3న ఎషెడే దగ్గర అలాంటి చక్రం ఉక్కు వలయం అలసటతో పగిలి రైలు పట్టాలు తప్పింది. 101 మంది చనిపోయారు. అది స్ప్రింగ్ కాదు, చక్రం. పగిలింది రబ్బరు కాదు, ఉక్కు. అయినా దాని పాఠం ఇక్కడా వర్తిస్తుంది. ఒకచోట నెమ్మదిగా నడిచే బండికి సరిపోయింది కదా అని, వేరే వేగానికి, వేరే బరువుకు అదే వాడేయకూడదు. వాడబోయే పరిస్థితిలోనే, వాడబోయేంత కాలానికే పరీక్షించాలి.

తక్కువ ధరకు కొంటే లాభమేనా?

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ప్యాడ్ ధర 100 రూపాయలు, మూడేళ్లు వస్తుంది. ఇంకోటి 150 రూపాయలు, ఆరేళ్లు వస్తుంది. టెండర్‌లో మొదటిదే గెలుస్తుంది. ఆరేళ్ల లెక్క తీస్తే మొదటిదానికి 200, రెండోదానికి 150.

అసలు ఖర్చు అది కూడా కాదు. ప్యాడ్ మార్చాలంటే వ్యాగన్‌ను పైకి లేపాలి, చట్రాన్ని చక్రాల నుంచి విడదీయాలి. ఆ సమయమంతా వ్యాగన్ సంపాదన ఆగిపోతుంది. మధ్యలో ప్యాడ్ గట్టిపడి చక్రం అంచు త్వరగా అరిగితే ఆ చక్రాన్ని లేత్ మీద చెక్కాలి, త్వరగా మార్చాలి. పట్టా అరిగితే ఆ ఖర్చు ఇంకో విభాగం ఖాతాలో పడుతుంది. ప్యాడ్ కొన్న విభాగానికి ఆదా అయినట్టు కనిపిస్తుంది, మొత్తం రైల్వేకు నష్టం వస్తుంది. ఆ నష్టం చివరికి సరుకు రవాణా చార్జీల్లోనో, పన్నుల్లోనో తేలుతుంది. బొగ్గు చార్జీ పెరిగితే కరెంటు ఖర్చుకూ తగులుతుంది.

ఒక ముఖ్యమైన వివరం ఇక్కడ చెప్పాలి. వ్యాగన్లకు రకాన్ని బట్టి ఏడాదిన్నర, రెండేళ్లకోసారి డిపోల్లో ఒక మోస్తరు మరమ్మతు చేస్తారు. నాలుగున్నర నుంచి ఆరేళ్లకోసారి వర్క్‌షాప్‌లో పూర్తిగా విప్పి బాగుచేస్తారు. ఈ పెద్ద పని చేసే చోట్లలో విజయవాడ దగ్గరి గుంటుపల్లి వ్యాగన్ వర్క్‌షాప్ ఒకటి. ప్యాడ్ ఆయుష్షు ఈ రెండు పెద్ద మరమ్మతుల మధ్య కాలం కన్నా కాస్త ఎక్కువ ఉంటే, వ్యాగన్ ఎలాగూ విప్పినప్పుడే మార్చేయొచ్చు. అంతకన్నా తక్కువైతే ప్యాడ్ కోసమే విడిగా విప్పాలి, లేదా పాడైనదాన్నే మోసుకుంటూ తిరగాలి. కాబట్టి "ధర ఎంత?" అన్న ప్రశ్నకు ముందు "తర్వాతి పెద్ద మరమ్మతు దాకా ఆగుతుందా?" అని అడగాలి.

ఎవరు పరీక్షిస్తారు?

భారతీయ రైల్వేకు సాంకేతిక ప్రమాణాలు రాసేది లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ. ఈఎం ప్యాడ్ల లాంటి భాగాల కొలతలు, పదార్థం, పరీక్షలు అదే నిర్ణయిస్తుంది. ఆమోదం పొందిన తయారీదారుల జాబితా ఉంటుంది. యూరప్‌లో రబ్బరు సస్పెన్షన్ భాగాల కోసం ఈఎన్ 13913 అనే ప్రమాణం ఉంది. పెద్ద ప్రమాదాలు జరిగితే విచారించే రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాకుండా, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. విచారణ స్వతంత్రంగా ఉండాలన్నది ఉద్దేశం.

పరీక్షల్లో వేడి ఓవెన్‌లో ముక్కను ఉంచి త్వరగా ముదిరేలా చేయడం ఒకటి. ఏళ్ల వయసును రోజుల్లో అంచనా వేసే ప్రయత్నం అది. ఉపయోగకరమే కానీ అక్కడ బొగ్గు దుమ్ము ఉండదు, గ్రీజు చుక్కలు ఉండవు, వాన నీళ్లు ఉండవు, ఖాళీ-నిండు బరువుల మార్పు ఉండదు. కాబట్టి ఓవెన్ ఫలితంతో ఆగకుండా, నాలుగైదేళ్లు నడిచిన వ్యాగన్ల నుంచి తీసిన ప్యాడ్లను మళ్లీ పరీక్షించి, కొత్తప్పటి బిరుసుతో పోల్చడం అవసరం. ఏ కంపెనీ ముక్క ఎంత మారిందో ఆ లెక్క చెబుతుంది. తర్వాతి టెండర్‌కు దాన్ని మించిన ఆధారం ఉండదు.

గోదాములో జాగ్రత్త కూడా కావాలి. ఉక్కు స్ప్రింగ్ షెడ్‌లో ఏళ్లు పడి ఉన్నా పెద్ద నష్టం లేదు. రబ్బరు అలా కాదు, వాడకపోయినా ముదురుతుంది. ఎండ, వేడి, కరెంటు మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ దానికి పడవు. ప్యాడ్ మీద తయారీ తేదీ ముద్ర ఉండాలి, ముందు వచ్చినవి ముందు వాడాలి.

అడగాల్సిన ప్రశ్నలు

తెలంగాణలో రైల్వే పరిశ్రమ పెరుగుతోంది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. గనుల నుంచి పట్టాల మీదికి వచ్చే బరువు తగ్గే సూచనలేవీ లేవు. ఈ పరిస్థితిలో ప్రజాప్రతినిధులు, పత్రికలు, ప్రయాణికుల సంఘాలు రైల్వేను అడగదగ్గ ప్రశ్నలు నాలుగున్నాయి.

- ఈ లైన్ మీద తిరిగే వ్యాగన్లలో ప్యాడ్లు మార్చడానికి గడువు ఎంత? గడువు దాటినవి ఎన్ని?
- వాడి తీసేసిన ప్యాడ్లను కంపెనీలవారీగా పరీక్షించి లెక్క రాస్తున్నారా?
- టెండర్‌లో ధరతోపాటు ఆయుష్షుకూ విలువ కడుతున్నారా?
- చక్రం, పట్టా అరుగుదల లెక్కలను ప్యాడ్ల లెక్కతో కలిపి చూస్తున్నది ఎవరు?

ఇవి సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగగల ప్రశ్నలే. జవాబులు దొరికితే ఇంజినీర్లకే కాదు, మామూలు పాఠకుడికీ అర్థమవుతాయి.

సత్తుపల్లి లైన్ కొత్తది. పట్టాలు కొత్తవి, వంతెనలు కొత్తవి. మొదటి కొన్నేళ్లు ఏ లైన్ అయినా బాగానే ఉంటుంది. దాని మీద తిరిగే వ్యాగన్ల కింద రబ్బరు మాత్రం ప్రతి వేసవికీ కొంచెం గట్టిపడుతుంది, ప్రతి లోడుకూ కొంచెం అణుగుతుంది. ఎంపిక సరిగా జరిగిందో లేదో తెలిసేది ప్యాడ్ బిగించిన రోజున కాదు. అయిదో వేసవి దాటాక దాన్ని విప్పి బల్ల మీద పెట్టి, మళ్లీ కొలిచిన రోజున.